అమ్మ వేళ్లు ఆగిన చోట

మీకో మాట చెప్పుకోవాలి. నేను రాసినదాంట్లో ఏది బాగుందో, ఏది బాగాలేదో నాకు తెలియదు. రాయడం మొదలుపెట్టి రెండేళ్లయింది, ఒక్కసారి కూడా తెలియలేదు. తెలిసేది మా అమ్మ వేళ్లకి. నిన్నటిదాకా అలా అనుకున్నాను.

ఈ ఉదయం ఆ వేళ్లలో రెండు తెరుచుకోలేదు.

మా అన్న బాలేష్ గేటు ముందు ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. అమ్మ మాత్రం వాకిట్లోంచి లేవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, రోడ్డు మీద దొరికిన పరాయి వస్తువుని చూస్తున్నట్టు చూస్తోంది. మధ్యవేలు, ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉండిపోయాయి. దారం చుట్టిన వల సూది పక్కన పడి ఉంది. సగం కుట్టిన వల మోకాళ్ల మీద ఉంది.

నేను వేళ్లు సాగదీయబోయాను. మా అమ్మ నా చేతి మీద ఒక్కటి కొట్టింది.

"ముట్టకు."

గట్టిగా కూడా అనలేదు. అందుకే భయమేసింది.

వచ్చే వారం చెరువులో చేపల వేట మొదలవుతుంది. మా నాన్న, బాపు, పోయినప్పటి నుంచి మా గల్లీలో సగం మంది వలలు అమ్మే బాగుచేస్తుంది. ఎల్.బి.నగర్ దాకా షేర్ ఆటో నడిపే బాలేష్ కూడా వేట రోజుల్లో ఆటో పక్కన పెట్టి బాపు వలతో చెరువులోకి దిగుతాడు. వాడి చెల్లెల్ని, నేను దిగను. నేను రాస్తాను. మా ఇంట్లో ఈ మూడు పనుల్లో పని కానిది ఏదో మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు.

నేను రాసేది ఒక ఆడియో కథల యాప్‌కి. "కండక్టర్ విమల" అని రోజుకో ఎపిసోడ్. నాకు ఆఫీసు లేదు, పక్క సీట్లో కూర్చుని చదివి పెట్టే మనిషి లేడు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. సాయంత్రం అమ్మ వల కుడుతుంటే పక్కన కూర్చుని ఆ రోజు రాసింది చదువుతాను. ఎక్కడ అమ్మ వేళ్లు ఆగితే ఆ వాక్యానికి ల్యాప్‌టాప్‌లో స్టార్ పెడతాను. పేజీ మొత్తం చదివినా చెయ్యి ఆగకపోతే ఆ పేజీ తీసేస్తాను. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. టెస్ట్ చేస్తున్నట్టు తెలిస్తే టెస్ట్ పాడవుతుంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క ముక్కే.

సర్కారు దవాఖానలో ఎముకల డాక్టరుకి దాదాపు నా వయసే ఉంటుంది. అమ్మ వేళ్ల మొదట్లో బొటనవేలితో నొక్కాడు. అమ్మ కళ్లు మూసుకుంది. మెల్లగా ఒక వేలిని పైకి లేపాడు. టక్కుమంది. చీటీ పట్టుకుని పక్కన నిలబడ్డ నాకు కూడా వినబడింది.

దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారట. తుపాకీ మీట నొక్కినట్టు వేలు వంగుతుంది, వంగిన చోటే ఇరుక్కుంటుంది. ఒకే పట్టు పట్టి ఏళ్ల తరబడి పని చేసేవాళ్లకి వస్తుందని చెప్పి, ఎప్పటి నుంచి ఉందని అడిగాడు.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది.

"రెండేండ్లయితుండొచ్చు సారు."

మరి ఇన్నాళ్లూ పని ఎలా చేశావమ్మా అని అడిగాడాయన.

"కుట్టుకుంట కుట్టుకుంట ఉంటే ఏలు పట్టేస్తది సారు. గప్పుడు జర ఆపుత. కదలియ్య. దానంతట అది ఇడిసినంక మల్ల కుడ్త."

ఇంజెక్షన్ గురించి, కొన్నాళ్లు సూది ముట్టకూడదన్న సంగతి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేయాల్సి రావచ్చన్న మాట ఆయన ఓపిగ్గానే చెప్పాడు. నాకు సగమే వినబడింది. నేను "జర ఆపుత" దగ్గరే ఉండిపోయాను. ఆ ఆగడం నాకు తెలుసు. ప్రపంచంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. దానికి నేను స్టార్లు పెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. అద్దంలోంచి బాలేష్ చూశాడు. దేనికి నవ్వుతున్నావని అడిగాడు. చెప్పేశాను. స్టార్ల గురించి, తీసేసిన పేజీల గురించి, అంతా. జోకులాగే చెప్పాను. పట్టీ వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని అమ్మ పక్కనే కూర్చుని వింటోంది.

బాలేష్ నవ్వలేదు. ఆటోని రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"అంటే ఆమె చెయ్యి ఆగుడు నువ్వు చూసినవ్."

"చూసిన."

"దినాం చూసినవ్."

"చూసిన అన్నా."

"ఎందుకాగిందని ఒక్కపారి అడగలే."

వెనక నుంచి లారీ ఏదో హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. 

"ఊకోరా," అంది అమ్మ. "నేను చెప్పలే గద. దానికెట్ల తెలుస్తది."

బాలేష్ అన్నదానికన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. వాడు తిట్టాడు, సరే. ఈమె నా తరఫున మాట్లాడింది.

ఇంటికొచ్చాక వాడు మళ్లీ శేరిగూడ నౌకరి సంగతి ఎత్తాడు. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగం, వాడి ఆటోలో రోజూ ఎక్కే సారు ఇప్పిస్తానన్నాడు. శేరిగూడ దిక్కున బస్టాపుల పేర్లన్నీ కాలేజీల పేర్లే. వాటిల్లో ఒకదాంట్లోనే నేను చదివాను. ఇప్పుడు ఇంకోదాంట్లో కూర్చుని, లోపలికొచ్చే పిల్లల తల్లిదండ్రులకి మీ పిల్లల భవిష్యత్తుకి ఢోకా లేదని చెప్పాలి. సోమవారం తొమ్మిదికి రమ్మన్నారట. వాడు మాటిచ్చేశాడట.

ఇన్ని రోజులూ ఈ మాట ఎత్తగానే నేను ఎగిరిపడేదాన్ని. రాయడం కూడా నౌకరే అని, ఇంట్లో కూర్చుంటే ఖాళీగా కూర్చున్నట్టు కాదని, నువ్వు ఆటో నడిపినట్టే నేను ఎపిసోడ్ నడుపుతున్నానని. ఇవాళ ఏమీ అనలేదు.  పాపం, వాడు కొట్లాటకి సిద్ధమై వచ్చాడు.

"అంటే సరే అన్నట్టేనా?"

నేను అమ్మకి అన్నం కలిపి పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. వాడు ఇంకోసారి అడగలేదు.

మధ్యాహ్నం యాప్ నుంచి నందిని మేడం ఫోన్ చేసింది. మంచి మనిషి, చెడ్డ వార్త చెప్పేముందు భోజనం చేశావా అని అడుగుతుంది. చేశానన్నాను. వినేవాళ్లు ప్రతి ఎపిసోడ్‌లోనూ సగం దాటగానే వెళ్లిపోతున్నారట. గ్రాఫ్ చూస్తే అక్కడ మెట్లు దిగినట్టు కిందికి పోతోందట. అక్కడ ఏం పెడుతున్నావని అడిగింది.

స్టార్ వాక్యాలు. ఎపిసోడ్ మధ్యలో జనం జారిపోతారని, కావాలనే నా దగ్గరున్న మంచి వాక్యాలన్నీ అక్కడ పేరుస్తున్నాను. ఆ ముక్క ఆమెతో అనలేదు. చూస్తానన్నాను.

సాయంత్రానికి ఎపిసోడ్ పంపమంది. అది కూడా ఇలాగే ఉంటే శుక్రవారంతో కథ ముగించేద్దామంది. విమలకి పెళ్లి చేసి పంపించెయ్, వినేవాళ్లకీ తృప్తిగా ఉంటుంది అని సలహా ఇచ్చింది. రెండేళ్లు టికెట్లు కొట్టిన మనిషిని ఒక్క శుక్రవారంలో అత్తగారింటికి పంపాలి.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రాయలేనప్పుడు ఏం చేయాలో చెప్పే వీడియోలు నేను చాలా చూశాను. అవి చూసిన టైములో ఒక నవల రాసి ఉండొచ్చు. టైమర్ పెట్టుకోవాలని, అది మోగేదాకా లేవకూడదని, బాగుందా లేదా అని ఆలోచించకుండా రాస్తూ పోవాలని చెప్తారు. పెట్టుకున్నాను. అది మోగేసరికి "విమల" అని రాసి ఉంది. ఆ మోత విని లోపల మంచం మీద నుంచి అమ్మ, పొయ్యి మీద ఏదో కూత పెడుతోంది, కట్టెయ్ అంది.

పాత ఫైళ్లు తెరిచాను. స్టార్ ఉన్న వాక్యాలు మాత్రమే కనబడేట్టు పెట్టుకుని చదివాను.

"విమల బస్సు ఎక్కింది." స్టార్.

"మబ్బు పట్టింది." స్టార్.

"అవునా?" దానికీ స్టార్.

ఈ "అవునా?" అంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఒక్క మాటలో అంత బరువు ఎలా వచ్చిందని నేనే ఆశ్చర్యపోయేదాన్ని. ఒకసారి ఆన్‌లైన్‌లో ఎవరో కాలేజీ పిల్లలు డైలాగులు ఎలా రాయాలని అడిగితే, దీన్నే ఉదాహరణగా చెప్పాను. పాపం, వాళ్లు రాసుకున్నారు కూడా. అక్కడ నిజానికి జరిగిందల్లా మా అమ్మ వేలు పట్టేయడం.

తీసేసిన పేజీలు ఎక్కడా లేవు. పనికిరానిది వెంటనే చెరిపేస్తే బుర్ర తేలికపడుతుందని ఆ వీడియోల్లోనే చెప్పారు. ఆ పేజీల్లో నాకు నచ్చినవి ఉండేవి. నాకు నచ్చడం లెక్కలోకి రాదనుకుని చెరిపేశాను. ఒక్కటి మాత్రం గుర్తుంది, ఎందుకంటే దాన్ని చెరిపిన రోజు బాత్రూంలో నల్లా విప్పుకుని ఏడ్చాను. విమల పుట్టిన ఊరు దాటే చోటు అది. చదువుతున్నంతసేపూ అమ్మ చెయ్యి గడియారం ముల్లులా నడుస్తూనే ఉంది. నా మొహాన కొట్టినట్టు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు అమ్మకి నొప్పి లేదు. అంతే.

గుర్తున్నంతవరకు ఆ ముక్క మళ్లీ టైపు చేశాను. దాని ముందు కొంత, వెనక కొంత రాశాను. బాగుందా? చెప్పానుగా. నాకు తెలియదు.

పొద్దువాలుతుండగా పక్కింటి పోశమ్మ కూర గిన్నె ఇచ్చి, అమ్మని చూసి, కాసేపు కూర్చుని వెళ్లింది. ఆమె వెళ్లాక అమ్మ నన్ను పిలిచింది.

"నీ కథల గా పిల్ల దొరికిందా?"

"ఏ పిల్ల?"

"జాతరల తప్పిపోయింది గద. ఎర్ర గౌన్ది. తండ్రి దేవులాడుతుండె."

విమల కథలో పిల్ల లేదు. జాతర లేదు. ఎర్ర గౌను అసలే లేదు. అది అదే యాప్‌లో ఇంకెవరో రాసే కథ. పోశమ్మ గిన్నెలు కడిగేటప్పుడు గోడ మీద ఫోను పెట్టి గట్టిగా వింటుంది. మా అమ్మ గోడకి ఇవతల నుంచి విని, మనసులో పెట్టుకుంది. ఎవరు రాశారో గానీ బాగా రాసి ఉంటారు.

"దొరుకుతదమ్మా," అన్నాను.

"మంచిగైంది. గా పిల్లదే ఫికరైంది నాకు."

వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. మళ్లీ తాగాను. బాలేష్ పంపిన శేరిగూడ సారు నంబరు ఫోన్‌లో అలాగే ఉంది. సరే సార్, సోమవారం వస్తాను అని టైపు చేసి, పంపకుండా చూస్తూ నిలబడ్డాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ వాక్యం. టైమర్ అక్కర్లేదు, స్టార్ అక్కర్లేదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

బయట బాలేష్ ఆటో ఆపిన చప్పుడైంది. సాయంత్రం ట్రిప్పులు వదిలేసి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లో వల పరిచాడు. అమ్మ సూది తీసుకుని చిరుగు దగ్గర కూర్చున్నాడు. వాడికి వల వేయడం వచ్చు, కుట్టడం రాదు. మంచం మీద నుంచి అమ్మ, ముడి అట్లా కాదని రెండుసార్లు చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

"చదవవా ఇయ్యాల?" అంది నాతో.

"ఎందుకమ్మా?"

"దినాం చదువుతవ్ గద."

గుమ్మంలో కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నేను చదివేది నీకు సమజైతదా?"

అమ్మ పట్టీ అంచు సర్దుకుంది. అబద్ధం చెప్తుందేమో అనుకున్నాను. చెప్పినా బాగుండేది.

"సగం గాదు," అంది. "ఏలు పట్టేసినప్పుడు నీ గొంతు దిక్కు మనసు పెడ్త. నొప్పి జర ఎనకకు పోతది. అంతే బిడ్డ."

అంటే నేను రెండేళ్లు రాసింది కథ కాదు, జండూబామ్. అలా అనుకుని నవ్వుకుందామని చూశాను. ఈసారి నవ్వు రాలేదు.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. కళ్లు అలవాటుగా ఆమె ఒళ్లోకి వెళ్లాయి. కుడిచేతికి తెల్లటి పట్టీ ఉంది, వేళ్లకి కింద బద్ద కట్టి ఉంది. ఆగడానికి, సాగడానికి అక్కడ ఏమీ లేదు.

"నా చేతుల దిక్కు చూడకు," అంది అమ్మ. "చదువు."

అని కళ్లు మూసుకుంది. నేను చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే ఎవరో వార్తలు చదువుతున్నట్టు వినబడింది. బాలేష్ దారం తెంపిన చప్పుడు, గేదెల్ని ఇంటికి తోలుతున్న అరుపులు, పోశమ్మ ఇంట్లో గిన్నెలు. ఆ చోటు వచ్చింది.

"దిగాల్సిన ఊరు వెనక్కి వెళ్లిపోతోంది. బస్సులో ఎవరూ ఆపమనలేదు. బెల్ తాడు విమల చేతిలోనే ఉంది. లాగలేదు."

బాలేష్ చేతులు ఆగాయి.

చూడకూడదనుకున్నాను. చూశాను. సూది గాలిలో ఉంది. తల వంచుకుని ఉన్నాడు, మొహం కనబడటం లేదు. నా వేలు దానంతటదే స్టార్ మీదికి వెళ్లింది. అక్కడే ఆపేశాను. చదవడం కూడా ఆపేశాను.

"ఏమైందన్నా?" అన్నాను. "చెయ్యి నొస్తుందా?"

వాడు తలెత్తి నన్ను చూశాడు. తిట్టే చూపు కాదు. ఏ చూపో నాకు తెలియలేదు.

"గా మాట అమ్మనడగాల్సింది," అన్నాడు.

మళ్లీ తల వంచుకున్నాడు. దారం ముడి పడి ఆగాడా, నేను చదివిన వాక్యం తగిలి ఆగాడా అన్నది చెప్పలేదు. నేను ఇంకోసారి అడగలేదు. వల కన్నులోకి సూది దూర్చాడు, అది తప్పు కన్ను. ఊడదీశాడు.

అమ్మ కళ్లు తెరవలేదు. నిద్రపోయిందో, వింటోందో. వింటున్నా, నేను చదివేదాన్ని వింటోందో, ఎర్ర గౌను పిల్ల కోసం వింటోందో.

"సోమారం తొమ్మిదికి పోవాలె," అన్నాడు బాలేష్, వల వైపు చూస్తూనే. "నేనే దింపుత."

నేను తర్వాతి వాక్యం చదివాను. ఎందుకు చదివానో తెలియదు. నా గొంతు దిక్కు మనసు పెడతానని అమ్మ చెప్పింది కదా, ఒకవేళ ఇప్పుడు వేళ్లు సలుపుతున్నాయేమో. చివరిదాకా చదివాను.  నందిని మేడంకి ఎపిసోడ్ పంపాను. స్టార్ లేకుండా నేను పంపిన మొదటి ఎపిసోడ్ అది. శేరిగూడ సారుకి రాసిన వాక్యం కూడా చెరపలేదు. అది ఫోన్‌లో అలాగే ఉంది, ఒక్క బటన్ దూరంలో.

మీలో రాసేవాళ్లు ఉంటారు. రాయకపోయినా, కూర వండో, బట్ట కుట్టో, పాట పాడో, ఎదుటి మనిషి మొహంలోకి చూసేవాళ్లు ఉంటారు. మీరు చేసింది బాగుందని మీకు ఎవరిని చూస్తే తెలుస్తుంది? ఆ మనిషిని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగారా? అడిగితే ఏమన్నారు? అడగకుండానే ఉండిపోతే, ఎందుకు ఉండిపోయారు? మీకు జరిగింది జరిగినట్టు నాకు రాయండి. బాగా రాయాలని చూడకండి. కుదిరితే సోమవారం లోపు రాయండి.